కిస్తీల మీద కొన్న లెన్సుకు ఉత్తరం

600 మిల్లీమీటర్ల కెమెరా లెన్సు గారికి,

హన్మకొండ నుంచి మీ యజమాని రాయునది. యజమాని అన్నమాటే గని, ఇంకా 22 కిస్తీలు తీరేదాక మీరు బ్యాంకోళ్ల సొత్తే.

మిమ్మల్ని ఎందుకు కొన్ననో యాదికుందా? ఇంట్లో ఏం చెప్పిన? "దూరం నుంచే తీయొచ్చు, పిట్టలు బెదరవు" అన్న. మీరు మూడు కిలోలు. లిటిల్ స్టింట్ పిట్ట ముప్పై గ్రాములు, అటో ఇటో. ఆర్కిటిక్ టుండ్రాల గుడ్లు పెట్టి, చలికాలం గడుపుదామని ఇంత దూరం వస్తది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు తవ్వించిన కాకతీయులు వరి గురించే ఆలోచించిన్రేమో గని, యాసంగికి నీళ్లు వదిలినంక శిఖంల, అంటే చెరువు కడుపుల, తేలే బురదే వీటికి అన్నం గిన్నె.

మొన్న ఆదివారం నర్సంపేట దిక్కు ఒక చెరువుకు పోయినం గద. తెల్లారక ముందే కట్ట దిగి బురదల బోర్ల పడుకున్న. పిట్టలు నూరడుగుల దూరంలున్నయి. మీకది చాలు. నాకే చాలలే. కంట్ల మెరుపు కావాలె, ఈకకు ఈక లెక్క తేలాలె. మోచేతుల మీద పాకిన. ముందుగాల తీతువు అరిచింది (ఎవరికి అపశకునమో దానికే తెల్సు), వెంటనే ఉల్లంకి పిట్టలు, స్టింట్లు అన్నీ ఒక్కపాలి లేచినయి. మళ్ల వాలినయి. మళ్ల పాకిన. ఇట్ల నాలుగుసార్లు. వేసవి ముంగల తిరుగు ప్రయాణానికని ఒంట్ల దాచుకునే కొవ్వును నా ఫొటో కోసం కరిగించినన్నమాట. పొద్దెక్కినంక బురద మీద గాలి సెగలాడి, బొమ్మ మసకబారి, మీరూ చేతులెత్తేసిన్రు.

బర్లు కాసే పెద్దాయన కట్ట మీదికెల్లి అంత చూసిండు. "బర్లు నడుమల తిరిగితే లేవని పిట్టలు, నువ్వు పండుకున్నా లేస్తున్నయేంది సారూ?" అన్నడు.

జవాబు మీరే చెప్పాలె. నా కెమెరా కార్డు నిండ పిట్టల తోకలే.

పెద్దాయన ఫోన్ తీసి చూపిండు. బర్రె మూతికి మూరెడు దూరంల ఒక స్టింట్, ముక్కు బురదల పెట్టి, కన్ను మెరుస్తుంది.

ఈ నెల కిస్తీ ఐదో తారీఖు.

ఇట్లు,
మోచేతులు కొట్టుకపోయిన మీ కిస్తీదారు