వేగస్ నాడి గారికి విన్నపం

మెదడు నుంచి బయలుదేరి గొంతు, గుండె, ఊపిరితిత్తులు, పేగుల దాకా సాగే నరమైన మహారాజశ్రీ వేగస్ నాడి గారి సముఖమునకు, మాదాపూర్‌లో కొలువు చేసుకుంటున్న ఒక ఉద్యోగి నమస్కరించి చేసుకొను విన్నపం.

నిన్న మధ్యాహ్నం మా ఆఫీసులో తమ పేరిట జరిగిన ఒత్తిడి నివారణ శిక్షణ సంగతి తమరికి తెలియకపోదు. భోజనం కాగానే మమ్మల్ని కాన్ఫరెన్స్ హాల్లో కూర్చోబెట్టి, మా కడుపుల్లో పప్పన్నం అరిగించే పనిలో ఉన్న తమరిని అర్ధంతరంగా గుండె దగ్గరికి పిలిపించారు. ఇద్దరు మానేసి వెళ్లిన చోట కొత్తవాళ్లను వేయమని మేము నెలల తరబడి మొరపెట్టుకుంటే, దానికి దక్కిన జవాబు ఈ శిక్షణ. మా ఒత్తిడికి కారణం పని భారం కాదనీ, తమరిని మేలుకొలపడం మాకు చేతకాకపోవడమేననీ శిక్షకురాలు మెత్తని గొంతుతో సెలవిచ్చారు.

నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలమన్నారు. ఇందులో అబద్ధమేమీ లేదు. ఊపిరి వదిలేటప్పుడు తమరు గుండెకు కళ్లెం బిగిస్తారు, పీల్చేటప్పుడు సడలిస్తారు. అందువల్ల నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున నిదానంగా తీసి వదిలితే మనిషి కొంత కుదుటపడతాడు. ఫిర్యాదల్లా, వదిలే ఊపిరి అయిదో అంకె దగ్గరుండగా, బల్ల మీద బోర్లించిన ఫోన్లన్నీ ఒక్కసారిగా గుర్రుమన్నాయి. శనివారం కూడా రావాలని సందేశం. పంపినది ముందు వరుసలో కళ్లు మూసుకుని కూర్చున్న మేనేజర్ గారే. ఆయన మూసుకున్నది ఒక కన్నేనని మాకు అప్పుడు అర్థమైంది. 1921లో ఒట్టో లోవి అనే శాస్త్రవేత్త ఒక కప్ప గుండె దగ్గర తమరిని ప్రేరేపించి దాన్ని నెమ్మదింపజేసి, ఆ గుండెను ముంచిన ద్రవాన్ని మరో కప్ప గుండెకు అందిస్తే అదీ నెమ్మదించింది. 1936లో ఆయనకు నోబెల్ బహుమతిలో వాటా తెచ్చిన పరిశోధనలో ఇది ముఖ్యమైనది. ఒక కప్ప నెమ్మది మరో కప్పకు చేరింది గానీ, ముందు వరుస ప్రశాంతత వెనక వరుసకు చేరే ఏర్పాటు మా హాల్లో లేదు.

ఆ తర్వాత ప్యాంట్రీలో ఉన్న ఒక్క సింకు ముందు వరుస కట్టి, ఐడీ కార్డు తడవకుండా వీపు మీదికి తిప్పుకుని, నలభై దాటిన మగవాళ్లం గరగరమని పుక్కిలించాము. గొంతు కండరాల మీద అజమాయిషీ తమరిదే గనుక ఇది తమరికి వ్యాయామమట. రుజువేమిటని అడిగిన సహోద్యోగికి 'నెగెటివ్ ఎనర్జీ' అని బిరుదిచ్చారు. చన్నీళ్లు ముఖాన చల్లుకోమన్నారు. మే నెల మధ్యాహ్నం హైదరాబాదు ట్యాంకు నీళ్లతో టీ కాచుకోవచ్చు.

ఇవన్నీ మరిచిపోగలను. మరిచిపోలేనిది శిక్షకురాలు మాటవరసకు అన్న ఒక్క విషయం. తమరి తంతువుల్లో సుమారు 80 శాతం కింది నుంచి పైకి కబురు మోసేవేనట. గుండె ఎలా ఉంది, ఊపిరితిత్తులు ఎంత నిండాయి, పేగుల్లో ఏమవుతోంది అని పైకి విన్నవించడమే తమరి ప్రధాన వృత్తి. ఆజ్ఞలు మోసేవి మిగిలిన కొద్దిపాటి తంతువులే. మెదడంతటిది ఆ విన్నపాలు విని తన తీరు మార్చుకుంటుంది. తమరి మీద మాకు పాఠం చెప్పించిన సంస్థలో మాత్రం పైకి పోయే తంతువు ఒక్కటీ లేదు. మనుషులు చాలడం లేదని రాసిన మెయిల్‌కు బదులు లేదు. చివరకు, శిక్షణ ఎలా ఉందో చెప్పమని ఇచ్చిన ఫారంలో కూడా మూడు నవ్వు మొహాలే తప్ప ఒక వాక్యం రాసుకునే గడి లేదు. ముగ్గురి పని ఒక్కడి నెత్తిన పెట్టి, రాత్రి పదకొండింటికి కాల్ పెట్టి, లోపం నీ నాడిలో ఉందనడానికి నోరెలా వస్తుందండీ? మాకు కావలసింది ఊపిరి పాఠం కాదు, ఇద్దరు మనుషులు!

క్షమించాలి, తమరి మీద కోపం కాదు. ఈ శనివారం ఆఫీసులోనే కూర్చుని రాస్తున్నాను. తమరి శాఖ ఒకటి చెవి దాకా వస్తుంది గనుకనే చెవిలో పుల్ల తిప్పితే కొందరికి దగ్గు ముంచుకొస్తుంది. వచ్చే శనివారం గురించి మేనేజర్ గారు నోరు తెరవబోయే సమయానికి ఆయనకు ఆ దగ్గు తెప్పించే వీలుందేమో దయచేసి పరిశీలించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు