అల్యూమినియం రిసీవర్ గారికి, ఆటోనగర్ నుంచి

మహారాజశ్రీ అల్యూమినియం రిసీవర్ గారి దివ్య సముఖమునకు,

గాజువాక ఆటోనగర్‌లో ప్లాస్టిక్ మౌల్డింగ్ మెషిన్ నమ్ముకుని బతికేవాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరి కుశలం వేరే అడగక్కర్లేదు. రైఫిల్ లోపలి సరంజామా అంతా పట్టి ఉంచే ఒళ్లు కదా తమరు. మీరు రెండు తరాలకి సరిపోతారని మీ అభిమానులు టీ కొట్టు దగ్గర రోజూ ఢంకా బజాయిస్తున్నారు. వాళ్లలో ఒక్కడికీ తుపాకీ లైసెన్సు లేదు, ఏఆర్-15 అనే అమెరికన్ రైఫిల్‌ని ఫోన్‌లో తప్ప చూసిన పాపాన పోలేదు. అయినా "ఏటి గురూ, ప్లాస్టిక్ రిసీవరా? పిల్లల బొమ్మకెట్టుకో" అని నా మొహం మీదే అనేస్తున్నారు. అందుకే ఈ లేఖ.

తమరి వంశం గొప్పదే, కాదనను. జింకు కలిపిన 7075-టీ6 అనే అల్యూమినియం, విమానాల్లో వాడే రకం. ఫోర్జింగ్‌లో దెబ్బలు తిని, పైన హార్డ్ అనోడైజింగ్ అనే గట్టి పూత కోటు తొడుక్కుని మరీ వస్తారు. కానీ 1950ల్లో ఆర్మలైట్ కంపెనీలో యూజీన్ స్టోనర్ మిమ్మల్ని రైఫిల్‌లోకి తెచ్చాక ఏం జరిగిందో మరిచిపోయారా? వియత్నాంలో ఏఆర్-15 సైనిక రూపమైన ఎం16 చేతికందిన అమెరికా సైనికులు దాని తేలికతనం చూసి, ఇది మాటెల్ బొమ్మల కంపెనీ సరుకని వెక్కిరించారు. అప్పట్లో మీరు పడ్డ మాటే ఇప్పుడు మావాడు, అదే ప్లాస్టిక్ రిసీవర్, పడుతున్నాడు. అత్తగారయ్యాక కోడలినాటి కష్టాలు గుర్తుండవు లెండి.

పైగా మావాడు నిన్న మొన్న పుట్టినవాడు కాదు. రెమింగ్టన్ వాళ్లు 1959లోనే నైలాన్ 66 అని రైఫిల్ తెచ్చారు. దాని రిసీవరూ, మడమా (భుజానికి ఆనించే వెనక భాగం) కలిపి నైలానే, అంటే మా ప్లాస్టిక్ జాతే. టామ్ ఫ్రై అనే ఆయన ఆ రైఫిళ్లు పట్టుకుని గాల్లోకి ఎగరేసిన 1,00,010 చెక్క ముక్కల్ని కాలిస్తే 6 మాత్రమే తప్పాయి. అది .22 తూటా, దెబ్బ చిన్నది, ఒప్పుకుంటాను. అయినా అన్ని తూటాలు కాల్చడమంటే మాటలా!

ఇంతకీ మావాడు విరిగేదెక్కడో తెలుసా? తూటా పేలినప్పుడు కాదు. ఏఆర్‌లో ఆ పేలుడు దెబ్బని కాసేది తూటా వెనక మూతలా ఉండే బోల్టూ, అది తాళంలా పట్టుకునే బారెల్ ఎక్స్‌టెన్షనూ (గొట్టం వెనక కొస). రెండూ ఉక్కే. ఏఆర్ రిసీవర్ పైదీ, కిందిదీ అని రెండు ముక్కలు. కింది రిసీవర్‌లో ఉండేది ట్రిగ్గరు సరంజామా, తూటాల మ్యాగజైన్. కాబట్టి అక్కడ తమరు కూర్చున్నా మావాడు కూర్చున్నా పేలుడికి పట్టింపు లేదు. తమరి మగతనం గురించి టీ కొట్టులో చెప్పే కబుర్లలో సగం నిజానికి ఉక్కువి. (ఉక్కు కోసం ఉద్యమం చేసిన ఊళ్లో ఈ మాట చెప్పాల్సి రావడమే విచిత్రం.)

విరిగేది వెనక, బఫర్ ట్యూబ్ (మడమ లోపలి స్ప్రింగు గొట్టం) మరబిగించే ఉంగరం దగ్గర. రైఫిల్ మడమ మీద పడినా, మడమతో ఎవర్నైనా పొడిచినా ఆ దెబ్బంతా అక్కడికే చేరుతుంది. మీ కోసం గీసిన డ్రాయింగులో ఆ ఉంగరం సన్నగా ఉంటుంది, మీకు చెల్లుతుంది. అదే డ్రాయింగుకి డై (అచ్చు) చేయించి నైలాన్ పోస్తే టపీమంటుంది. అక్కడ మందం పెంచితే సరిపోదా అంటారు మీవాళ్లు. మా పనిలో అదే తంటా. ముద్దలా మందం పెడితే పైతోలు ముందు గట్టిపడుతుంది, లోపల సరుకు చల్లారుతూ కుంచించుకుపోయి బోలు పడుతుంది. కోసి చూస్తే తప్ప తెలీదు. అందుకే తెలిసినవాడు గోడ పల్చగా ఉంచి రిబ్బులు (బలానికి సన్నటి పట్టీలు) వేస్తాడు, దెబ్బ తగిలే చోట లోహపు ఇన్సర్టు పెడతాడు. మీ చొక్కా మావాడికి తొడిగి, చంకలో చిరిగిందని నవ్వితే ఎట్లా?

ఇంకో సంగతి. మెషిన్ నుంచి అప్పుడే దిగిన నైలాన్ ముక్క పొడిగా, పెళుసుగా ఉంటుంది. మేం డ్రమ్ములో వేడినీళ్లు పెట్టి అందులో నానేస్తాం. నీళ్లు తాగాక కొంచెం మెత్తబడుతుంది, అయితే సుత్తి దెబ్బకి పగలకుండా సాగుతుంది. కొలత కూడా ఒక పిసరు పెరుగుతుంది. ఆ లెక్క డైలోనే చూసుకోవాలి.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి మా సముద్రం సంగతి. బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం చూశారా? తమరి చుట్టమే. ఉప్పుగాలికి పైకోటు కాపాడినంతసేపే మీ దర్జా. కోటు గీసుకుపోయి, పక్కన ఉక్కు పిన్ను తగిలి, మధ్యలో ఉప్పునీరు చేరిందా, తెల్లటి పొడి రాలుస్తూ కూర్చుంటారు. మావాడికి ఆ టెన్షన్ లేదు. మన నేవీ మార్కోస్ కమాండోల స్థావరం ఐఎన్ఎస్ కర్ణ మా జిల్లాలోనే ఉంది. సముద్రంలో మునిగి లేచే ఆ కమాండోలు వాడే తుపాకుల్లో టావోర్ అనే ఇజ్రాయెల్ రైఫిల్ ఒకటి. దాని ఒళ్లు పాలిమరే, అంటే ప్లాస్టిక్కే. వాళ్ల దగ్గరికెళ్లి పిల్లల బొమ్మ అని అనమనండి మీ అభిమానుల్ని, నేను దూరం నుంచి చూస్తా.

ఎండా వేడీ దగ్గరకొస్తే మాత్రం నోరు తగ్గించుకుంటాను. జర్మనీ సైన్యపు జీ36 రైఫిల్ రిసీవర్ పాలిమర్. బాగా వేడెక్కితే గురి చెదురుతోందని 2015లో వాళ్ల రక్షణ శాఖే తేల్చింది. 2016లో కోబ్లెంజ్ కోర్టేమో, ఆర్డరులో అడిగినట్టే చేసిచ్చారు కదా, ఇక లోపమేంటి అంది. కస్టమర్ ఏం కావాలో రాయకుండా ఆర్డరిచ్చి తర్వాత తిట్టడం నాకు కొత్త కాదు గానీ, జర్మనీ సైన్యం తర్వాత హెచ్‌కే416 రైఫిల్ వైపు వెళ్లింది, అందులో రిసీవర్ తమరే. కార్గిల్ చలికి మన సైన్యపు ఇన్సాస్ రైఫిల్ ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయన్నదీ నిజమే. కాకపోతే అవి మ్యాగజైన్లు. ఇన్సాస్ రిసీవర్ ఉక్కు రేకు.

మీ అభిమానులకి చెప్పని రహస్యం ఒకటుంది. బెల్జియం వాళ్ల స్కార్ రైఫిల్‌లో పైభాగం తమరు, కింది భాగం మావాడు. ఇద్దరూ గుట్టుగా కాపురం చేసుకుంటున్నారు. ఇక్కడ మేం మాత్రం మీ పేరు చెప్పి జుట్లు పట్టుకుంటున్నాం.

ఒక్క విషయంలో మాత్రం మీదే పైచేయి. పాత సామాన్ల కొట్టుకి తీసుకెళ్తే మిమ్మల్ని అరిగిపోయాక కూడా కిలోల లెక్కన ముద్దుగా తూచుకుంటాడు. బలానికి గాజు పీచు కలిపిన నైలాన్ ముక్కని చూపిస్తే త్రాసు మీద పెట్టనివ్వడు.

ఇట్లు,
తమరి ప్లాస్టిక్ విధేయుడు