కొత్త ఉద్యోగాలు సరే, ఎవరికి?

యంత్రాలు కొన్ని పనులు తీసేసినా అంతకన్నా ఎక్కువ ఉద్యోగాలు పుట్టిస్తాయని మీ వ్యాసంలో రాశారు. లెక్కకు నిజమే కావచ్చు. మా అనంతపురం పల్లెల్లో విత్తనానికి బుడ్డలు (వేరుశనగ కాయలు) ఒలవడం ఆడవాళ్ల పని. పప్పు బద్దలు కాకుండా, పైపొర చిట్లకుండా వేళ్లతో నొక్కి తీసేవాళ్లు. ఇప్పుడు మిషన్లో మూటలు పోస్తే చాలు. పైపొర దెబ్బతింటే మొలక తగ్గుతుందని తెలిసినా రైతు మిషన్‌కే పోతాడు. కూలీ, టైమూ రెండూ కలిసొస్తాయి మరి, అతన్నీ తప్పు పట్టలేం.

పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీలో (ఇప్పుడది సత్యసాయి జిల్లా అయింది లెండి) 2019లో ఉత్పత్తి మొదలైంది. మొదట్లో ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యం, బాడీ వెల్డింగ్ చాలావరకు రోబోలదే. ఐటీఐ, డిప్లొమా పిల్లలకు పనులు దొరికాయి, సంతోషమే. బుడ్డలు ఒలిచిన నలభై ఐదేళ్లావిడను ఆ గేటు లోపలికి రానిస్తారా? రీస్కిల్లింగ్ (కొత్త పని నేర్పడం) అని వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆవిడకు ఏం నేర్పుతారు? నేర్చుకునే ఆర్నెల్లు ఇల్లెట్లా గడుస్తుంది? ఆ ఖర్చు యంత్రాల వల్ల డబ్బు మిగుల్చుకున్నవాళ్లు పెట్టుకుంటారా, ప్రభుత్వం నెత్తిన వేస్తారా? వ్యాసానికి రెండో భాగం ఉంటే అందులో ఇది రాయండి సార్. ఉపాధి పనులున్నాయి కదా అని మాత్రం అనకండి, అక్కడా జేసీబీలు దించారన్న వార్తలు పేపర్లో చూస్తూనే ఉన్నాం.