నాలుగు కడ్డీల పరికరం గారి సముఖమునకు

మహారాజరాజశ్రీ నాలుగు కడ్డీల పరికరం గారికి, కోనసీమలో కాలువ గట్టున కాపురముంటున్న ఒక విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు నమస్కరించి చేయు విన్నపం.

నిన్న మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి తమరు మా భోజనాల బల్ల మీద కొలువుతీరి, రెండు గాజు గ్లాసుల్లో చెరి రెండు కాళ్లూ ముంచుకుని ఉన్నారు. చుట్టూ మా వీధి ఆడవాళ్లు. నీటి శుద్ధియంత్రాలు అమ్ముతూ తమరిని సంచిలో వేసుకొచ్చిన కుర్రవాడు మీట నొక్కగానే, వాడు తెచ్చిన శుద్ధినీరు అద్దంలా అలాగే ఉండిపోయింది. మా కుళాయి నీరు మాత్రం పచ్చబారి, అంతలోనే తుప్పురంగుకు తిరిగి, పైన నురగ కట్టింది. "ఇన్నాళ్లూ మీరు తాగుతున్నది ఇదేనండి, మేడమ్‌గారూ" అన్నాడు. మా ఆవిడ అక్కడికక్కడే రెండు వేలు బయానా ఇచ్చింది.

అయ్యా, ఆ మురికి మా నీటిది కాదు, తమరి కాలిది.

ప్రతి గ్లాసులోనూ తమకు ఒక కాలు ఇనుము, ఒక కాలు అల్యూమినియం. మా కుళాయిలో వచ్చే కాలువ నీటిలో కాల్షియం, సోడియం, క్లోరైడు వంటి అయాన్లు, అంటే విద్యుదావేశం గల కణాలు, ఉంటాయి. వ్యతిరేక ఆవేశాలు ఒకదాన్నొకటి లాక్కునే మాట నిజమే కానీ, నీరు ఆ లాగుడును సుమారు 80వ వంతుకు తగ్గించి, ఒక్కో అయాను చుట్టూ ముసురుకుంటుంది. అందువల్ల సోడియం, క్లోరైడు అంతర్వేది తీర్థంలో జనం మధ్య విడిపోయిన ఆలుమగల్లా పక్కపక్కనే తిరుగుతున్నా చేయీ చేయీ అందుకోలేవు. కరెంటు పెట్టగానే ధనావేశం గలవి కాథోడు అనే ఋణ కడ్డీ వైపు, ఋణావేశం గలవి ఆనోడు అనే ధన కడ్డీ వైపు నడుస్తాయి. 1834లో ఫారడే వీటికి అయాన్లని పేరు పెట్టింది కూడా ఈ నడకను బట్టే. గ్రీకులో ఆ మాటకు వెళ్లేది అని అర్థం. అలా కరెంటు పారుతున్నంతసేపూ ఆనోడుగా నిలబెట్టిన తమరి ఇనుప కాలు కరిగి నీటిలోకి దిగుతుంది. అవతల కాథోడు దగ్గర హైడ్రోజను బుడగలు పోగా మిగిలిన హైడ్రాక్సైడు దానికి ఎదురొస్తుంది. ఈ రెండూ మాత్రం ఎంత తీర్థంలోనైనా పట్టిన చేయి వదలవు. గాలిలోని ఆక్సిజను తోడై, తుప్పై కూర్చుంటాయి. ఒక ఆంపియరు కరెంటు ఒక్క నిమిషం పారితే సుమారు 17 మిల్లీగ్రాముల ఇనుము కరుగుతుంది. గ్లాసుడు నీటి పరువు తీయడానికి అది చాలు. శుద్ధినీటిలో కరెంటును మోసుకెళ్లే అయాన్లు దాదాపు లేవు కనుక అక్కడ కరెంటూ లేనట్టే, తుప్పూ లేనట్టే.

ముప్ఫై ఒక్క ఏళ్లు చెప్పిన ఈ పాఠాన్ని నిన్న మళ్లీ చెప్పాను. "మీరు చెప్పేది వినబడుతోందండీ, అది కంటికి కనబడుతోంది కదా" అంది మా ఆవిడ.

సరేనని వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి, ఆ శుద్ధినీటిలోనే వేసి, నేనే మీట నొక్కాను. నిమిషంలో అదీ మురుగుగుంటే. గెలిచాననుకుని తలెత్తేలోగా కుర్రవాడు, "చూశారా, ఉప్పు ఎంత విషమో మాష్టారుగారే చూపించారు" అన్నాడు. వీధి వీధంతా తలాడించింది.

ఇక మర్యాద నా వల్ల కాదు. ఓరి తుప్పుకాళ్లవాడా, 1852లో ఆనకట్ట పూర్తిచేసి కాటన్ దొర మా పొలాలకు మళ్లించిన గోదావరి నీళ్లు నీకు మురుగుగా కనిపించాయా? జేబులో పెన్నులా ఉన్న నీ తమ్ముడు, ఆ టీడీఎస్ మీటరు, మా నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 340 మిల్లీగ్రాములని చూపిస్తే, తాగునీటి ప్రమాణం ప్రకారం 500 దాకా నిక్షేపమన్న ముక్క చెప్పడానికి నోరు రాలేదా? సముద్రం వైపు ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీరు పడుతుంది, అక్కడ శుద్ధియంత్రం అవసరమే. దానికి నీ సాక్ష్యం దేనికి, నాలుక చాలదా? పొద్దున్న పదింటికి బిగిస్తామన్న యంత్రం సాయంత్రం నాలుగైనా రాలేదు, అది వేరే సంగతి.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. కరెంటు ఉంటే రసాయనాలు లేక, రసాయనాలు ఉంటే కరెంటు లేక, నా ప్రయోగశాలలో ఏ పిల్లవాడికీ ఆనోడు కరగడం ఇంత శుభ్రంగా చూపించలేకపోయాను. ఆ రోజుల్లో నువ్వు దొరికి ఉంటే సంచితో సహా కొనేవాణ్ణి.

ఇప్పుడు మా ఉప్పు డబ్బా అటక మీద ఉంది. రాత్రి చారు చప్పగా తిన్నాను.

ఇట్లు,
ఓడిన మాష్టారు