లీగల్ ఎయిడ్ క్లినిక్ తాళంకప్పకు బహిరంగ లేఖ

తాళంకప్ప గారికి నమస్కారాలు.

మా లా కాలేజీలో నూటికి నూరు శాతం హాజరున్నది మీకొక్కరికే. లాయర్లకీ లా చదువులకీ రూల్స్ పెట్టే బార్ కౌన్సిల్ మమ్మల్ని అడిగేది 70 శాతం, అదీ ఇవ్వలేక సెమిస్టర్ చివర్లో మెడికల్ సర్టిఫికెట్ల కోసం తిరుగుతుంటాం. మీరు మాత్రం ఈ మూడేళ్లలో ఒక్క సెలవు పెట్టలేదు, కోర్టు విజిట్ అని సంతకం పెట్టి నాంపల్లి క్యాంటీన్‌లో ఇరానీ చాయ్ తాగుతూ కూర్చోలేదు. ఎండైనా వానైనా సైకిల్ స్టాండ్ పక్క ఆ గది తలుపుకి వేలాడుతూనే ఉన్నారు. మీ తలపైన బోర్డులో 'ఉచిత న్యాయ సహాయ కేంద్రం' అని ఉండేదట, నేను చేరేసరికే మొదటి అక్షరం రాలిపోయింది. ఇప్పుడు 'చిత న్యాయ సహాయ కేంద్రం' అని చదువుకుంటున్నాం. ఆ పెయింటర్ ఎవరో గానీ భవిష్యత్తు తెలిసినవాడు.

ఏడాదికోసారి మీరు తెరుచుకుంటారు, అది ఒప్పుకోవాలి. నవంబర్ 9, లీగల్ సర్వీసెస్ డే. ఆ పొద్దున అటెండర్ కొబ్బరినూనె చుక్క వేసి మిమ్మల్ని విప్పుతాడు, బ్యానర్ కడతారు, ఫొటో దిగుతాం, మధ్యాహ్నానికి మీరు మళ్లీ డ్యూటీ ఎక్కుతారు. కాలేజీలకి గ్రేడ్లిచ్చే నాక్ టీమ్ వస్తుందంటే ఇంకోరోజు, అప్పుడు రెండు పూలకుండీలు కూడా. అసలు ఆ తేదీనే ఎందుకంటే, పేదలకు ఉచితంగా న్యాయ సహాయం అందించాలని 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేర్చారు, దానికోసం 1987లో పార్లమెంటు చట్టం చేసింది, ఆ చట్టం అమల్లోకి వచ్చింది 1995 నవంబర్ 9న. లెక్కేస్తే మాట ఇచ్చాక చట్టానికి పదకొండేళ్లు, చట్టమయ్యాక అమలుకి ఎనిమిదేళ్లు. అంటే ఈ గది సంప్రదాయం మీతో మొదలైంది కాదు సార్, మీరు మరీ అంత గిల్టీగా ఫీలవ్వక్కర్లేదు.

మిమ్మల్ని ఎందుకు తీయరని అడిగితే మా వాళ్లు చట్టమే చూపిస్తారు. 1961 అడ్వొకేట్స్ చట్టం ప్రకారం లాయరుగా ఎన్‌రోల్ కాని వాడు కోర్టులో వాదించకూడదు కాబట్టి స్టూడెంట్లు పనికిరారు. ఫుల్‌టైమ్ జీతం తీసుకునేవాడు ప్రాక్టీస్ చేయకూడదు కాబట్టి మేష్టార్లు పనికిరారు. నేర్చుకునేవాడికీ నోరు లేదు, నేర్పేవాడికీ నోరు లేదు, ఇక గది తెరిచి ఏం చేస్తామయ్యా అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఇలాంటి గదికి వచ్చే మనిషికి కావాల్సింది వాదన కాదు కదా! చేతిలో ఉన్న నోటీసులో ఏముందో తెలుగులో చెప్పేవాళ్లు కావాలి, ఒక అర్జీ రాసిపెట్టేవాళ్లు కావాలి, ఏ ఆఫీసుకి పోవాలో చెప్పేవాళ్లు కావాలి. దానికి నల్లకోటు అక్కర్లేదు, పెన్ను చాలు. బార్ కౌన్సిల్ 2008 రూల్స్ కూడా ఇదే చెబుతున్నాయి, ప్రతి లా కాలేజీలో క్లినిక్ ఉండాలి, సీనియర్ మేష్టారు చూసుకోవాలి, ఫైనలియర్ పిల్లలు నడపాలి అని. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఇక్కడ పూజారిని కూడా తిట్టబుద్ధి కాదు. పర్మనెంట్ పోస్టులు ఖాళీ, ఉన్న ఒక్క ఇన్‌ఛార్జ్ సార్‌కి మూడు పేపర్లు, ఇన్విజిలేషన్, పైగా హాస్టల్ గొడవలు. మీ తాళంచెవి ఆయన బీరువాలో, బీరువా తాళంచెవి అటెండర్ జేబులో, అటెండర్ ఏమో ఎగ్జామినేషన్ బ్రాంచిలో డిప్యుటేషన్ మీద.

మరి క్లినిక్ మార్కులు ఎలా వస్తున్నాయని మీకు డౌట్ రావచ్చు. ప్రాక్టికల్ పేపర్ 100 మార్కులు, అందులో మూట్ కోర్టుకి, అంటే ఉత్తుత్తి కేసు వాదించినందుకు 30, రెండు కేసుల విచారణ చూసి రాసినందుకు 30, క్లయింటుతో మాట్లాడి కేసు తయారు చేసినందుకు 30, వైవాకి 10. మూట్ మాత్రం ప్రాణం పెట్టి చేస్తాం. ప్రపంచంలో లేని రెండు దేశాలు ప్రపంచంలో లేని ఒక దీవి కోసం కొట్టుకుంటే వాటి సముద్ర సరిహద్దు మీద మెమోరియల్ అని నలభై పేజీల వాదన రాస్తాం, స్పైరల్ బైండింగ్ చేయిస్తాం, చెమటలు కారుతూ కోట్లు వేసుకుని మై లార్డ్ మై లార్డ్ అంటాం (ఆ మాట అక్కర్లేదని బార్ కౌన్సిల్ 2006లోనే చెప్పింది, ఎవరు వింటారు). క్లయింటు దగ్గరికొచ్చేసరికి సీనియర్ రికార్డు కాపీ కొడతాం. నా రికార్డులో క్లయింటు పేరు లక్ష్మమ్మ, వయసు 45, భర్త తాగుబోతు. నా సీనియర్ రికార్డులోనూ లక్ష్మమ్మే, ఆయన సీనియర్‌దాంట్లోనూ ఆమే. ఎన్ని బ్యాచ్‌లు దాటినా ఆవిడకి 45 దాటలేదు, మొగుడు మందు మానలేదు, కేసు తేలలేదు. నాకు 30కి 27 వచ్చాయి.

ఈ ఫిబ్రవరిలో ఏమైందో మీకు తెలుసు, మీ కళ్లముందే జరిగింది. సెమినార్ హాల్లో రెండు రోజుల జాతీయ సదస్సు, 'అందరికీ అందుబాటులో న్యాయం'. ఫోల్డర్లు, పెన్నులు, బగారా అన్నం. నేను రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర బ్యాడ్జీలు పంచుతున్నా. ఒకావిడ వచ్చి, చీర కొంగులో ముడేసిన కాగితం విప్పుతూ, "బిడ్డా, గీడ వకీలు సార్లు పైసల్ తీస్కోకుండ చెప్తరట గదా, యాడ కూసుంటరు?" అంది. ఇళ్లల్లో పని చేస్తుందట. అద్దె ఇల్లు ఖాళీ చేసి నాలుగు నెలలైనా ఓనరు ఇరవై వేల అడ్వాన్సు ఇవ్వట్లేదట, ఆ కాగితం ఆయన రాసిచ్చిన రసీదు. నేను వెనకాల చెయ్యి చూపించాను. ఆవిడ వెళ్లి మీ ముందు పావుగంట నిలబడి, మిమ్మల్ని ఒకసారి పట్టుకుని లాగి చూసి, తిరిగొచ్చి, "సార్ భోజనానికి పోయిండా బిడ్డా?" అని అడిగింది.

ఏం చెప్పాలి? పోయి చాలా ఏళ్లయిందని చెప్పనా?

నేనూ నా ఫ్రెండూ మీ కింద మెట్టు మీద కూర్చున్నాం. తెల్లకాగితం లేక, పాత మెమోరియల్లో ఒక పేజీ చింపి, సముద్ర సరిహద్దు వెనకవైపు చిత్తు రాశాం. నాకు ఒక్క అర్జీ కూడా రాయడం రాదని అప్పుడే తెలిసింది, రెండుసార్లు గూగుల్ చేశాను. మా ఫ్రెండు న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేశాడు. "ఫీజెంతైతది?" అని ఆవిడ మూడుసార్లు అడిగింది. ఆ 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితమని చెబితే నమ్మలేదు, కోటేసుకున్న వాడు ఉచితం అంటే ఎవరు నమ్ముతారులెండి. మర్నాడు పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులో, కోర్టుదాకా పోకముందే రాజీకి పిలిచే పద్ధతిలో అర్జీ ఇచ్చాం. ఓనరుకి నోటీసు వెళ్లింది. మొదటి వాయిదాకి రాలేదు, రెండోదానికి వచ్చి, గోడల సున్నాలకి పోయాయంటూ రెండు వేలు కోసుకుని, మిగతావి ఇచ్చాడు. గొప్ప గెలుపేం కాదు. ఆవిడకి ఆ రెండు వేల గురించి ఇప్పటికీ కోపమే.

ఆవిడ పేరు లక్ష్మమ్మ కాదు. వయసు అడగలేదు.

పోయిన వారం మా కోసం కాలేజీకి వచ్చిందట, మేం ఇంటర్నల్స్‌లో ఉన్నాం. తెచ్చిన అరటిపళ్ల కవరు ఎవరికివ్వాలో తెలియక మీకే తగిలించి వెళ్లిపోయింది. మేం వచ్చేసరికి పళ్లు కోతులు తినేశాయి, కవరు మాత్రం ఇంకా మీ మెడకే వేలాడుతోంది. తీద్దామంటే, క్లినిక్ ఆస్తి, అటెండర్ రావాలన్నారు.

ఇట్లు,
మీకంటే హాజరు చాలా తక్కువున్న
ఫైనలియర్ విద్యార్థి