నెమలి గౌను వెనక చికాగో దుకాణం

వరంగల్ నుంచి విజయవాడ వైపు రైల్లో వెళ్లేవారికి నెక్కొండ రెప్పపాటులో దాటిపోయే స్టేషన్. 1902 ఏప్రిల్‌లో ఆ పరిసరాల్లో వేసిన వేట డేరాల దగ్గర తీసిన ఒక ఫొటో మాత్రం ఖండాలు దాటింది. నేల మీద చచ్చిన పెద్దపులి, వెనక వైస్రాయ్ కర్జన్, పక్కన ఆయన భార్య. తీసింది సికింద్రాబాద్‌లో పేరు మోసిన రాజా దీన్‌దయాళ్ స్టూడియో. ఆ పులి గురించి, కర్జన్ దర్పం గురించి చెప్పేవారు ఎందరో ఉన్నారు. పక్కన నిలబడినావిడ ఇంగ్లిషు దొరసాని కాదని, చికాగోలో గుడ్డల వ్యాపారం చేసి కోటీశ్వరుడైన ఒకాయన కూతురని చెప్పేవారే తక్కువ. బ్రిటిష్ రాజ్ వైభవాన్ని తలచుకునేటప్పుడు దాని ఖర్చులో కొంత ఏ గల్లాపెట్టె నుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలన్నది మా అభిప్రాయం.

ఆమె పేరు మేరీ లైటర్. 1870లో పుట్టింది. తండ్రి లెవీ లైటర్, మార్షల్ ఫీల్డ్‌తో కలిసి చికాగోలో నడిపిన దుకాణం అమెరికాలోనే పెద్ద దుకాణాల్లో ఒకటి. 1881లో ఆయన తన వాటా అమ్ముకుని, కుటుంబాన్ని వాషింగ్టన్‌కు మార్చాడు. 1890లో లండన్‌లో జరిగిన ఒక నాట్యవిందులో మేరీ, జార్జ్ కర్జన్ కలిశారు. ఇంగ్లండ్‌లో డెర్బీషైర్‌లోని కెడిల్‌స్టన్ భవనానికి అతడు వారసుడు. వంశానికి పేరుంది, చేతిలో అంత పైకం లేదు. 1893లో పారిస్‌లో పెళ్లి మాట అనుకున్నారు. ఆ మాట గుట్టుగా ఉంచమని చెప్పి అతడు పామీర్ పర్వతాలు, అఫ్గానిస్థాన్ చూడటానికి వెళ్లిపోయాడు. రెండేళ్లు ఆమె నోరు మెదపలేదు. 1895 ఏప్రిల్ 22న వాషింగ్టన్‌లో పెళ్లయింది.

అప్పట్లో ఇలాంటి సంబంధాలు ఒకటి రెండు కాదు. 1870ల తరవాత అమెరికా గోధుమలు రైళ్లెక్కి, ఓడలెక్కి బ్రిటన్ మార్కెట్లో చవగ్గా దిగాయి. అక్కడి భూముల కౌళ్లు పడిపోయాయి. కౌళ్ల మీద బతికే ప్రభువుల భవనాల పైకప్పులు కారడం మొదలైంది. ఆ గోధుమలను మోసిన రైళ్ల యజమానుల ఇళ్లలోనే పెళ్లీడు కూతుళ్లూ ఉన్నారు. 1874లో న్యూయార్క్ అమ్మాయి జెన్నీ జెరోమ్ చర్చిల్ వంశంలో అడుగుపెట్టింది. విన్‌స్టన్ చర్చిల్ ఆమె కొడుకే. మేరీ పెళ్లయిన ఏడాదే, నవంబరులో, కాన్సువెలో వాండర్‌బిల్ట్‌ను మార్ల్‌బరో డ్యూక్‌కు కట్టబెట్టారు. డ్యూక్‌కు ముట్టింది 25 లక్షల డాలర్ల విలువైన రైల్వే షేర్లు. మనం కట్నం అంటాం, వాళ్ల వకీళ్లు సెటిల్‌మెంట్ అన్నారు. ఆ పిల్లకు ఇష్టం లేని పెళ్లి అది. బలవంతం చేసిన మాట నిజమేనని కన్నతల్లే ఒప్పుకోవడంతో 1926లో రోమన్ చర్చి ఆ పెళ్లి చెల్లదని తేల్చింది.

మేరీది ఆ కథ కాదు. కోరి చేసుకుంది, కడదాకా భర్తను ప్రేమించింది. అయినా సొమ్ము నడిచిన దారి ఒకటే. గోధుమల చిత్రం ఇంకొకటి ఉంది. ఆమె అన్న జోసెఫ్ లైటర్ 1897–98లో చికాగో బజారులోని గోధుమలన్నీ తన గుప్పిట పట్టాలని చూసి చేతులు కాల్చుకున్నాడు. ఆ అప్పు తీర్చడానికి తండ్రి లక్షల డాలర్లు కక్కాల్సి వచ్చింది. ఆ మరుసటి జనవరిలోనే కర్జన్ వైస్రాయ్‌గా కలకత్తాలో పగ్గాలు పట్టాడు. అక్కడి గవర్నమెంట్ హౌస్‌ను నూరేళ్ల కింద కట్టించినప్పుడు నమూనాగా తీసుకున్నది కెడిల్‌స్టన్ భవనాన్నే. అంటే 28 ఏళ్ల మేరీ అత్తవారింటి నకలులోనే కాపురం పెట్టింది. అప్పటికి ఇద్దరు ఆడపిల్లలు. 1904లో మూడో పిల్ల పుట్టింది. వారసుడు కావాలన్న కర్జన్ ఆశ తీరలేదు.

ఆమెను ఉత్త అలంకారం అనుకుంటే పొరపాటు. 1901లో ఆరోగ్యం కోసం ఇంగ్లండ్ వెళ్లి, అక్కడి మంత్రుల మంతనాలన్నీ భర్తకు ఉత్తరాల్లో చేరవేసింది. ఎవరు అనుకూలమో, ఎవరు పైకి నవ్వుతున్నారో పసిగట్టగల చూపు ఆమెది. కానీ లోకం గుర్తు పెట్టుకున్నది ఆ చూపును కాదు, ఒక గౌనును.

ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం పేరిట 1903 జనవరిలో జరిగిన ఢిల్లీ దర్బారు సందర్భంగా, ఎర్రకోటలో ఇచ్చిన నాట్యవిందుకు ఆమె ఆ గౌనుతో వచ్చింది. ఢిల్లీ జర్దోజీ పనివారు బంగారు, వెండి తీగలతో నెమలి పింఛాలను ఒకదాని మీద ఒకటి పరిచినట్టు కుట్టారు. ప్రతి పింఛం కంటిలోనూ ఆకుపచ్చగా మెరిసే పురుగు రెక్క పొదిగారు. ఆ గుడ్డ పారిస్ వెళ్లి వర్త్ దుకాణంలో గౌనుగా మారి తిరిగొచ్చింది. బరువు దాదాపు నాలుగున్నర కిలోలు. ఒకప్పుడు నెమలి సింహాసనం ఉన్న కోటలోకి నెమలి పింఛాలు తొడుక్కుని రావడం యాదృచ్ఛికం కాదు. మొగలాయిల గద్దె మీద ఇప్పుడెవరున్నారో మాట్లాడకుండానే చెప్పడం అది. ఆ గౌను నేటికీ కెడిల్‌స్టన్‌లో ఉంది. కుట్టించిన దుకాణానికి, తొడుక్కున్న మనిషికి దక్కిన కీర్తిలో వీసమెత్తయినా ఆ తీగలు దూసిన చేతులకు దక్కలేదు.

దర్బారుకు మూడేళ్ల ముందే, 1899–1900లో, పశ్చిమ, మధ్య భారతం ఘోరమైన కరవు చూసింది. దర్బారుకు రెండు నెలల ముందు నిజాం మహబూబ్ అలీఖాన్ బేరార్ సీమను బ్రిటిష్ వారికి శాశ్వత కౌలుకు రాసిచ్చాడు. ఆ బేరం కుదిర్చింది నెక్కొండ వేట నాటి హైదరాబాద్ పర్యటనే. కౌలు ఏడాదికి 25 లక్షల రూపాయలు. ఒక డ్యూక్ కట్నం 25 లక్షల డాలర్లు, ఒక సీమ కౌలు 25 లక్షల రూపాయలు! అంకె కలవడం కాకతాళీయమే కావచ్చు, రెండు చోట్లా ఇచ్చేవారి ఇష్టాయిష్టాలను పట్టించుకున్నవారు లేరు.

మేరీ పేరు ఈ నేల మీద మరో రెండు చోట్ల మిగిలింది. బెంగళూరులోని లేడీ కర్జన్ ఆస్పత్రి ఒకటి. అస్సాంలోని కాజీరంగా రెండోది. 1904లో అక్కడికి వెళ్లి ఒక్క ఖడ్గమృగం కూడా కనిపించక, వాటిని కాపాడమని భర్తను అడిగిందని చెప్పుకుంటారు. మరుసటేడు అక్కడ రక్షిత అడవికి ప్రతిపాదన వచ్చింది. కథ ఎంత నిజమైనా, రెండేళ్ల ముందు నెక్కొండలో పులి శవం వెనక నిలబడిందీ ఆవిడే. ఒకదాన్ని చూపించి ఇంకొకదాన్ని దాచిపెట్టడం మాకు సమ్మతం కాదు.

1904లో ఇంగ్లండ్‌లో ప్రాణం మీదికి వచ్చిన జబ్బు నుంచి ఆమె పూర్తిగా కోలుకోలేదు. 1906 జూలై 18న లండన్‌లో, 36 ఏళ్ల వయసులో చనిపోయింది. కర్జన్ కెడిల్‌స్టన్ చర్చిలో ఆమెకు పాలరాతి సమాధి కట్టించాడు, పక్కన తన ప్రతిమ కూడా పెట్టించుకున్నాడు. దుఃఖం నిజమే. 1917లో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఆవిడా అమెరికా ఆవిడే, డబ్బున్న వితంతువు. లైటర్ సొమ్ము మీద వచ్చే రాబడి మేరీ కూతుళ్లది. అది ఇన్నాళ్లూ తండ్రి భవనాల ఖర్చుకే పోయింది. ఈడొచ్చాక పెద్దకూతురు ఐరీన్ తన వాటా తనకు కావాలంది. తండ్రి ఆమెతో తెగతెంపులు చేసుకున్నాడు.

స్త్రీలకు ఓటు వద్దన్న సంఘానికి అధ్యక్షుడు కర్జన్. 1918లో స్త్రీలకు ఓటిచ్చే బిల్లు బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభకు వచ్చినప్పుడు అడ్డుకుంటే నెగ్గలేమని తేల్చుకుని, తాను ఓటు వేయకుండా తప్పుకున్నాడు. 1929లో అతని రెండో కూతురు సింథియా లేబర్ పార్టీ టికెట్ మీద దిగువ సభకు ఎన్నికైంది. 1958లో ప్రభువుల సభ తలుపులు ఆడవారికి తెరుచుకున్నప్పుడు, యావజ్జీవ సభ్యత్వం దక్కిన మొదటి నలుగురిలో ఒకరు ఐరీన్, చికాగో గుడ్డల వ్యాపారి మనవరాలు.