ఉదయం ఎనిమిది గంటల ఫోను: జీపీ అపాయింట్‌మెంట్ల మీద తిరుగుతున్న సందేశానికి జవాబు

ఇంగ్లండులోని తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం ఏడాదికి రెండు మూడు సార్లయినా మళ్లీ మళ్లీ వస్తూ ఉంటుంది. సారాంశం ఇది: జీపీలు, అంటే ఎవరైనా మొదట చూపించుకునే కుటుంబ వైద్యులు, పార్ట్‌టైమ్‌కు మారి పని తగ్గించుకున్నారు కాబట్టే అపాయింట్‌మెంట్ దొరకడం లేదు, మిగిలిన కాస్తను జలుబుకూ దగ్గుకూ పరుగెత్తేవాళ్లు, బుక్ చేసుకుని రానివాళ్లు వృథా చేస్తున్నారు, రిసెప్షనిస్టు అడ్డుగోడలా కూర్చుంటుంది, అంతా ఆన్‌లైన్ చేసేస్తే బాధ తీరుతుంది, అయినా మన ఊళ్లో అయితే అదే రోజు స్పెషలిస్టునే చూడవచ్చు. నేను మిడ్‌లాండ్స్‌లో ఒక జీపీ సర్జరీలో (ఇక్కడ జీపీల క్లినిక్‌ను సర్జరీ అంటారు) పనిచేస్తున్నాను. డాక్టర్ల అపాయింట్‌మెంట్ల పట్టిక వేయడం నా బాధ్యతల్లో ఒకటి. ఆ సందేశం పంపేవారి విసుగు నిజమైనదే. వారానికి అయిదు రోజులు ఆ విసుగును ఫోనులో వింటూనే ఉన్నాను. అయితే దానికి వారు చూపిస్తున్న కారణాలు చాలావరకు తప్పు, తప్పు కారణం పట్టుకుంటే మందు కూడా తప్పుగానే పడుతుంది కనుక ఒక్కొక్క మాటనూ విడిగా పరిశీలించాలి.

మొదటిది, డాక్టర్లు పని తగ్గించుకున్నారన్న ఆరోపణ. 2015లో ఇంగ్లండులో పూర్తి అర్హత పొందిన జీపీలు, పూర్తికాలపు లెక్కకు మార్చి చూస్తే, సుమారు 29,400 మంది ఉండేవారు. 2023 చివరికి ఆ సంఖ్య సుమారు 27,500కు తగ్గింది. ఇదే కాలంలో సర్జరీల్లో నమోదైన రోగులు సుమారు 5.7 కోట్ల నుంచి 6.3 కోట్లకు పెరిగారు. అయినా నెలకు రెండున్నర నుంచి మూడు కోట్లకు పైగా సంప్రదింపులు జరుగుతున్నాయి, వాటిలో నూటికి నలభైకి పైగా అడిగిన రోజునే జరుగుతున్నాయి. పార్ట్‌టైమ్ అన్న మాటను కూడా సరిగా అర్థం చేసుకోవాలి. ఒక సెషన్ అంటే కాగితం మీద 4 గంటల 10 నిమిషాలు, వారానికి తొమ్మిది సెషన్లు చేస్తే పూర్తికాలం. ఆరు సెషన్ల డాక్టరు చివరి రోగిని పంపించాక రక్తపరీక్షల ఫలితాలు, ఆసుపత్రి ఉత్తరాలు, రిపీట్ ప్రిస్క్రిప్షన్లు ముందేసుకుని కూర్చునే గంటలు ఆ ఆరింటి లెక్కలోకి పూర్తిగా రావు.

కొరత ఉందన్నది కాదనలేని నిజం. నిరీక్షణ మొత్తానికీ కొరతే కారణమన్నది మాత్రం నిజం కాదు. దీన్ని అందరికంటే స్పష్టంగా చూపించినవారు అమెరికాలో కైజర్ పెర్మనెంటే అనే వైద్య సంస్థలో పనిచేసిన మార్క్ మరే అనే కుటుంబ వైద్యుడు, ఆయన సహోద్యోగి కేథరిన్ టాంటౌ. ఉత్తర కాలిఫోర్నియాలోని వారి కేంద్రంలో మామూలు అపాయింట్‌మెంట్‌కు 55 రోజులు ఆగవలసి వచ్చేది. ఏడాది తిరగకముందే అది ఒక్క రోజుకు తగ్గింది. వారి తర్కం చాలా సూటిగా ఉంటుంది. ఒక సర్జరీలో నిరీక్షణ జనవరిలోనూ మూడు వారాలే, జూన్‌లోనూ మూడు వారాలే, డిసెంబరులోనూ మూడు వారాలే అయితే, రోజుకు వస్తున్న రోగుల సంఖ్యా చూస్తున్న రోగుల సంఖ్యా సమానంగానే ఉన్నాయన్నమాట. వచ్చేవారే ఎక్కువైతే ఆ మూడు వారాలు నాలుగై, ఆరై, పది కావాలి కదా. అంటే ఆ మూడు వారాలు ఎప్పుడో పేరుకుపోయిన పాత బకాయి. నెల నెలా వడ్డీ కడుతూ అసలు జోలికి పోని అప్పు ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. కొన్ని వారాలపాటు అదనపు గంటలు పెట్టి అసలు తీర్చేస్తే, ఆ తర్వాత ఉన్న డాక్టర్లతోనే ఈ రోజు వచ్చినవారిని ఈ రోజే చూడవచ్చు. నిరీక్షణ నెలనెలా నిజంగానే పెరుగుతున్న చోట మాత్రం ఈ ఉపాయం ఒక్కటే చాలదు, అక్కడ మనుషులు కావలసిందే. తమది ఏ పరిస్థితో ప్రతి సర్జరీ ముందు లెక్కపెట్టి తెలుసుకోవాలి.

ఆ లెక్క పెట్టడం ఎంత అరుదో చెబితే నమ్మరు. ఎంతమందిని చూశామో కంప్యూటరు చెబుతుంది గానీ, ఎంతమంది అడిగారో చెప్పదు. ఫోను పెట్టేసినవారు, మళ్లీ చేయమంటే చేయనివారు ఏ పట్టికలోనూ కనపడరు. మా దగ్గర రెండు వారాలపాటు రిసెప్షన్ బల్ల మీద గళ్ల కాగితం పెట్టి, ప్రతి ఫోనుకూ ఒక గీత గీయించాం: ఈ రోజే కావాలన్నవారు, ఫలానా డాక్టరే కావాలన్నవారు, వచ్చే వారం చాలన్నవారు, ఏమీ ఇవ్వలేక పంపించినవారు. సోమవారం గళ్లు నిండి గీతలు అంచుల్లోకి పాకాయి, బుధవారం గళ్లు సగం ఖాళీగా ఉన్నాయి, మా పట్టికలో మాత్రం సోమవారానికీ బుధవారానికీ ఒకే సంఖ్యలో ఖాళీలు ఉండేవి. వచ్చే వారం చాలన్నవారిని కూడా రేపు ఉదయం ఖాళీలు తెరిచే ఎనిమిదింటికి ఫోను చేయమని తిప్పి పంపుతున్నామని, ఆ మనిషే మర్నాటి రద్దీలో మళ్లీ ఒక గీతగా చేరుతున్నాడని కూడా ఆ కాగితమే చూపించింది.

ఎనిమిది గంటల రద్దీ దానంతటది పుట్టలేదు. 2000లో వచ్చిన ఎన్‌హెచ్ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) ప్రణాళిక, 2004 నాటికి ప్రతి రోగికీ 48 గంటల్లో జీపీని చూసే వీలు ఉండాలని లక్ష్యం పెట్టింది. ఉద్దేశం మంచిదే. కానీ చాలా సర్జరీలు లక్ష్యం తప్పకుండా ఉండడానికి ముందస్తు బుకింగులే ఆపేశాయి. వచ్చే వారానికి ఇస్తే 48 గంటలు దాటినట్టు లెక్కకు వస్తుంది కదా. 2005 ఎన్నికల ముందు టీవీ చర్చలో ఒక మహిళ ఈ సంగతిని ప్రధాని టోనీ బ్లెయిర్ ముఖం మీదే చెప్పినప్పుడు ఆయన ఆశ్చర్యపోయారు. 2010లో ఆ లక్ష్యాన్ని తీసేశారు గానీ, ఖాళీలన్నిటినీ ఉదయం ఎనిమిదింటికే తెరిచే అలవాటు చాలాచోట్ల అలాగే ఉండిపోయింది. ఎనిమిదింటికే తెరిస్తే జనం ఎనిమిదింటికే చేస్తారు. ఆ వేళకు వేర్‌హౌసులో రాత్రి షిఫ్టు దిగి బస్సులో ఉన్న మన విద్యార్థి, కేర్ హోములో ఉదయం మందులు ఇస్తున్న మన అమ్మాయి ఎప్పటికీ ఆ వరుసలో వెనకే ఉంటారు.

ఇక రెండో మాట, జనం అవసరం లేకుండా వస్తున్నారని. 2015లో ప్రైమరీ కేర్ ఫౌండేషన్, ఎన్‌హెచ్ఎస్ అలయన్స్ అనే సంస్థలు కలిసి చేసిన పరిశీలనలో, తాము చూసిన అపాయింట్‌మెంట్లలో 27 శాతం తప్పించగలిగినవేనని జీపీలే చెప్పారు. ఈ అంకెను పట్టుకుని రోగులను నిందించేవారు దాని లోపలి వివరం చదవరు. సుమారు ఆరింట ఒక అపాయింట్‌మెంట్‌ను సర్జరీలోని నర్సో, ఫార్మసిస్టో, మరొకరో చూడగలిగి ఉండేవారు; అంటే సరైన మనిషి దగ్గరకు పంపించని తప్పు మాది. ఆసుపత్రి నుంచి ఉత్తరం రాలేదని, తేదీ మారిందని, పరీక్ష ఫలితం ఎవరూ చెప్పలేదని వచ్చినవారు ఉన్నారు. ఆ తప్పు ఆసుపత్రిది. సెలవు కోసం కాగితం కావాలని వచ్చినవారు ఉన్నారు. 2022 జూలై వరకు ఆ ఫిట్ నోటు మీద డాక్టరు సంతకమే చెల్లేది, ఆ తర్వాతే నర్సులు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులు కూడా ఇవ్వవచ్చని నిబంధన మార్చారు. జ్వరం వచ్చిన బిడ్డను ఒడిలో పెట్టుకున్న తల్లికి అది మామూలు జలుబో కాదో ముందే తెలియాలనడం అన్యాయం. అది తెలుసుకోవడానికే ఆమె ఫోను చేసింది.

బుక్ చేసుకుని రానివారి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. వారు నూటికి అయిదుగురు దాటరు. మూడు వారాల తర్వాతి తేదీ ఇస్తే ఈలోగా నొప్పి తగ్గిపోవచ్చు, తేదీ మరిచిపోవచ్చు. రేపటికి ఇస్తే మానేవారు తక్కువ. నిరీక్షణకు ఇది కారణం కావడం కంటే, నిరీక్షణ వల్ల కలిగే ఫలితం కావడమే ఎక్కువ.

రిసెప్షనిస్టు మీద పడే నింద నన్ను ఎక్కువగా బాధిస్తుంది, ఎందుకంటే ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను. 2023 మే నుంచి ఇంగ్లండు జీపీ ఒప్పందం ప్రకారం, సంప్రదించిన రోగికి మొదటిసారే ఏదో ఒక దారి చూపించాలి, మరో రోజు ఫోను చేయమని పంపకూడదు. దారి చూపాలంటే అడగాలి. చెవి నొప్పి అన్న తల్లిని పిల్లవాడి వయసెంత, ఎన్నాళ్లుగా, చీము కారుతోందా అని అడిగేది ఆరాలు తీయడానికి కాదు. 2024 జనవరి 31న మొదలైన ఫార్మసీ ఫస్ట్ అనే పథకం కింద ఏడాది నుంచి పదిహేడేళ్ల వరకు పిల్లల చెవి నొప్పి, గొంతు నొప్పి, స్త్రీలకు వచ్చే మామూలు మూత్ర ఇన్ఫెక్షన్ వంటి ఏడు బాధలకు వీధి చివరి ఫార్మసిస్టే పరీక్షించి, అవసరమైతే యాంటీబయోటిక్ కూడా ఇవ్వవచ్చు. ఆమె బిడ్డకు మా పదిన్నర ఖాళీ కంటే ముందే అక్కడ మందు దొరకవచ్చు. శిక్షణ ఇవ్వకుండా కూర్చోబెట్టిన చోట రిసెప్షన్ నిజంగానే గోడలా మారుతుంది, దాన్ని నేను కాదనను. అక్కడ తప్పు శిక్షణ ఇవ్వనివారిది.

అంతా ఆన్‌లైన్ చేస్తే సరి అన్నవారికి 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం గురించి చెప్పాలి. 42 సర్జరీల్లో సుమారు 21,000 మంది రోగులతో, అదే రోజు అపాయింట్‌మెంట్ అడిగినవారికి ముందుగా ఫోనులో డాక్టరో నర్సో మాట్లాడితే పని తగ్గుతుందా అని చూశారు. డాక్టరు మాట్లాడినప్పుడు తర్వాతి 28 రోజుల్లో మొత్తం సంప్రదింపులు 33 శాతం, నర్సు మాట్లాడినప్పుడు 48 శాతం పెరిగాయి. పని తగ్గలేదు, ఒకచోటి నుంచి మరొకచోటికి జరిగింది. ఆన్‌లైన్ ఫారం విషయమూ ఇంతే: ప్రతి ఫారాన్నీ ఎవరో ఒకరు చదవాలి. 2025 అక్టోబరు 1 నుంచి ఉదయం 8 నుంచి సాయంత్రం 6.30 వరకు ఆన్‌లైన్ అభ్యర్థనలను తెరిచి ఉంచాలన్న నియమం వచ్చింది, దాన్ని నేను సమర్థిస్తాను. ఫోనులో గంట ఆగలేనివారికి అది గొప్ప వెసులుబాటు. కానీ చదివే మనిషికి పట్టికలో వేళ కేటాయించని సర్జరీలో అది ఇంకొక వరుసగా మారుతుంది.

ఫారంలో పోయే సంగతులు కూడా ఉన్నాయి. ఒక పెద్దావిడ కొడుకుతో ‘ఆయాసంగా ఉందిరా’ అంది. అతను ఫారంలో అలసట అని టిక్కు పెట్టాడు. రెండూ ఒకటే అనుకున్నాడు పాపం. తెలుగు తెలిసినదాన్ని కాబట్టి ఫోను చేసి, ‘మెట్లెక్కితే ఊపిరి ఆడుతోందా అమ్మా?’ అని అడిగాను. నాలుగు మాటలకోసారి ఆగి జవాబిచ్చింది. వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పాను, ఆమెను ఆ మధ్యాహ్నమే చూశారు. అలసట అన్న ఫారం మామూలుగా అయితే వారం తర్వాతి ఖాళీలోకి వెళుతుంది.

ఆవిడను ఏళ్లుగా చూస్తున్న డాక్టరుకు ఆ ఫోను కూడా అక్కర్లేకపోయేదేమో. ‘ఎవరైనా సరే, త్వరగా కావాలి’ అన్న పంథాలో మనం పోగొట్టుకుంటున్నది ఇదే. నార్వేలో 45 లక్షల మంది మీద జరిగి 2022లో ప్రచురితమైన అధ్యయనంలో, ఒకే జీపీ దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవారిలో, ఏడాది మాత్రమే ఉన్నవారితో పోలిస్తే, ఆసుపత్రిలో అత్యవసరంగా చేరడం, మరణించే అవకాశం సుమారు నాలుగో వంతు తక్కువగా కనిపించాయి. ఇంగ్లండులో 381 సర్జరీల్లో 11 ఏళ్లపాటు జరిగిన కోటికి పైగా సంప్రదింపులను పరిశీలించినవారు, తెలిసిన డాక్టరును చూసిన రోగి మళ్లీ రావడానికి సగటున 18 శాతం ఎక్కువ సమయం తీసుకుంటాడని తేల్చారు. దీర్ఘకాలిక జబ్బులున్నవారికి వారి డాక్టరునే కేటాయించి, మిగిలినవారికి ఎవరు ఖాళీగా ఉంటే వారిని ఇచ్చే పట్టిక వేయడం కష్టమేమీ కాదు. మేము వేస్తున్నాం.

చివరి మాట, మన ఊళ్లో అదే రోజు స్పెషలిస్టు. డబ్బున్నవారికి అది నిజం. విజయవాడ సూర్యారావుపేటలో సాయంత్రం వెళితే గుండె డాక్టరును అదే రోజు చూడవచ్చు, కానీ ఎప్పుడు? ఆరింటికి రమ్మని అందరికీ ఒకే వేళ చెబుతారు, టోకెన్ నలభై రెండు, పిలుపు పదింటికి. ప్లాస్టిక్ కవరులో పాత రిపోర్టులు పట్టుకుని, షుగరున్న మనిషి భోజనం వేళ దాటించుకుని కూర్చునే ఆ నాలుగు గంటలను నిరీక్షణగా ఎవరూ లెక్కపెట్టరు. ఇది ఒకప్పుడు బ్రిటన్ ఆసుపత్రుల జబ్బు కూడా. 1952లో నార్మన్ బెయిలీ అనే గణాంకవేత్త అక్కడి ఔట్‌పేషెంట్ వరుసలను లెక్కగట్టి, డాక్టరు ఒక్క నిమిషమూ ఖాళీగా ఉండకూడదన్న భయంతో రోగులను గంటల తరబడి కూర్చోబెడుతున్నారని చూపించాడు. మొదట్లో ఇద్దరిని పిలిచి, ఆ తర్వాత ఒక్కొక్కరినీ సగటు సంప్రదింపుకు పట్టే సమయం చొప్పున రమ్మంటే, డాక్టరు సమయం పెద్దగా పోదు, రోగి నిరీక్షణ చాలా తగ్గుతుందన్నాడు. సూర్యారావుపేట కాంపౌండరుకు దీనికి యాప్ అక్కర్లేదు. చీటీ మీద టోకెన్ నంబరు పక్కన ‘8.40’ అని రాస్తే ఆ షుగరు మనిషి ఇంట్లో అన్నం తిని వస్తాడు.